పేరు పలకకూడని పొట్లం

సోమవారం బాపు హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు చేరాలి. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. ఆలస్యం చేయవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బాపు మాత్రం, "ముందుగాల దేవరకొండ పోయి చెట్ల మందు తెచ్చుకుందాం బిడ్డా" అన్నాడు. వద్దంటే ఒక్కడే పోతాడని భయపడి వెంట బయలుదేరాను.

శనివారం ఉదయం ఆరున్నరకు మోత్కూర్‌లో నల్లగొండ బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ నాకిచ్చారు, బాపుకు మామూలు టికెట్. నల్లగొండ బస్టాండులో బాపు ఒక ఇడ్లీ తిని, కడుపు పట్టుకుని ప్లేటు నాకిచ్చేశాడు. దేవరకొండ బస్సులో పక్క సీటు పెద్దమ్మ మా సంగతి విని, "గా వైద్యుని మందు మా మరిదికి గుణమిచ్చింది. జర నమ్మాలె" అంది. మరిదికేం జబ్బని అడిగాను. "కడుపునొప్పి" అంది. నా భయం ఇంకా పెరిగింది.

పదకొండుకు దిగి, కోటగుట్ట దాటి ఆటోలో వైద్యుడి ఊరు చేరాం. వైద్యుడు మర్యాదస్తుడైన ముసలాయన, డబ్బు ముట్టడు. బాపు చేతిలో పొట్లం పెట్టి, "రేపు పరగడుపున మొదలువెట్టు. నలభై దినాలు కత్తి తగలొద్దు. చెట్టు పేరు ఎవ్వరు పలుకొద్దు, పలికితే గుణం పోతది" అన్నాడు. బాపు దాన్ని కళ్లకద్దుకున్నాడు. నలభై రోజులు! మరి సోమవారం ఆపరేషన్ మాటేమిటి?

రెండింటి బస్సులో పొట్లం విప్పి, చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాను. ఆ చేదు నాకు తెలుసు. రెండేళ్లుగా మా ల్యాబులో నేను పరిశోధన చేస్తున్న ఆకే అది.

"నువ్వే గద చెప్పినవ్, మీ ల్యాబుల ఆకుతోని పేగు క్యాన్సర్ కణాలు సచ్చినయని? నీ మొకం జూస్తెనే తెలుస్తాంది, గా ఆకే గదా?" అన్నాడు బాపు.

అవును, ఇంటికొచ్చి గొప్పలు చెప్పింది నేనే.

"గాజు పళ్లెంల సచ్చినయ్ బాపు. ఎక్కువ పోస్తే మంచి కణాలు గూడ సచ్చినయ్, గది నేను చెప్పలె. మనిషి కడుపుల ఏం జేస్తదో మాకింక తెల్వదు."

"మీ పళ్లెం వేరే, ఆయన చెయ్యి వేరే" అని పొట్లం లాక్కున్నాడు.

ఇక నా చదువు పనికిరాదని అర్థమైంది.

"నేలవేము" అని చెట్టు పేరు పలికాను, ముందు సీట్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

బాపు ముఖం పాలిపోయింది. నల్లగొండ దాకా చేతిలోని పొట్లం కేసే చూస్తూ కూర్చున్నాడు. సోమవారం ఏమైనా అయితే ఈ ఒక్క మాట నన్ను బతికినంతకాలం వదలదనిపించింది.

మోత్కూర్ బస్సెక్కాక పొట్లం నా సంచిలో వేశాడు.

"సోమారం ఎన్నిగొట్టంగ రమ్మన్నరు?"

"ఏడింటికి."

"నిన్ను గూడ లోపటికి రానిస్తరా?"

"తలుపు దాకా వస్త బాపు."

నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఊరొచ్చేదాకా వదల్లేదు.