టీ పేకెట్లో రాని అన్నయ్య

కిందటి ఆదివారం మా బిలాస్‌పూర్‌లోనే తోర్వా వైపు, పెళ్ళిళ్ళు చేసే ఒక మంగల్ భవన్‌లో పాత నాణేలు, స్టాంపులు, అగ్గిపెట్టెల బొమ్మలు అమ్మేవాళ్ళు మేళా పెడితే, మా మనవరాలు స్కూటీ మీద నన్ను కుదుదండ్‌లో మా ఇంటి నుంచి అక్కడికి తీసుకెళ్ళింది. అక్కడ నేను చేసిన పనికి ఇంట్లో అందరూ నన్ను మందలించారు, బీపీ పెట్టుకుని ఈ వయసులో అంత కోపమేమిటని. తగ్గుతుందేమోనని వారం చూశాను. తగ్గలేదు. అందుకే రాయడానికి కూర్చున్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లోకో షెడ్డు పొగ పీల్చి పెరిగిన నా ఈడువాళ్ళు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే, వాళ్ళకి ఈ కోపం ఎక్కడిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

రిటైరైన తర్వాత నేను పట్టుకున్న పిచ్చి ఇదొక్కటే. నా తోటివాళ్ళు పొద్దున్నే రతన్‌పూర్ బస్సెక్కి అమ్మవారి దర్శనం చేసుకొస్తుంటే, నేను రైల్వే పాసు రాయించుకుని రాయ్‌పూర్, నాగ్‌పూర్, కలకత్తా, ఎక్కడ ఇలాంటి మేళా పెడుతున్నారంటే అక్కడికి బయల్దేరేవాణ్ణి. నాణేలూ స్టాంపులూ నాకు అక్కర్లేదు. అరచేతిలో పట్టే ఒక అట్టముక్క కావాలి, దాని మీద మా అన్నయ్య ఫొటో ఉండాలి. చెప్పుల పెట్టెల్లో కుక్కిన పాత కార్డులు ఒక్కొక్కటీ తిప్పుతూ, వెతుకుతున్నట్టు కనిపిస్తే అవతలివాడు ధర పెంచేస్తాడని ఊరికే కాలక్షేపానికి చూస్తున్నట్టు మొహం పెట్టడం కూడా బాగానే నేర్చుకున్నాను. ఆట కార్డులు పోగుచేసే వాళ్ళలో నాకు కొంచెం పేరు కూడా వచ్చింది, 'గోలీ కావాలనే ముసలాయన' అని. గోలీ అంటే ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. మా అన్నయ్య గోలీ.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లోకో షెడ్డులో చేరాడు, అన్నయ్య కూడా మీసాలు రాగానే అదే షెడ్డులో ఖలాసీ అయ్యాడు. ఇంజన్ల కింద దూరి మసి తుడవడం, బూడిద దింపడం అతని డ్యూటీ. సాయంత్రమయ్యేసరికి మాత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో రెండు గోల్‌పోస్టుల మధ్య నిలబడితే ఆ మనిషి వేరు, ఆ నడక వేరు. కాటన్ వేస్ట్‌తో ఎంత రుద్దినా అతని చేతుల నూనె మసి వదిలేది కాదు. ఆట అయ్యాక బంతి మీద ఎన్ని నల్లటి వేలిముద్రలుంటే అన్నయ్య అన్ని గోల్స్ ఆపినట్టని మా పిల్లల లెక్క. మైదానం అంచున కూర్చున్న నేను ఆ బంతిని ఒకసారి చేతిలోకి తీసుకుని ఆ ముద్రల మీద నా వేళ్ళు పెట్టి చూసుకునేవాణ్ణి, అతని వేలి పక్కన నా వేలు చిక్కుడుకాయంత ఉండేది.

నాకు పదేళ్ళప్పుడు మా టీము నాగ్‌పూర్ వెళ్ళి కప్పు గెలుచుకొచ్చింది. స్టేషన్లో దండలు, బ్యాండు, ఆ సంబరం చెప్పలేను. గోల్ బజార్లో టీ పొడి అమ్మే సేఠ్ ఒకడు ఆ వేడి మీదే ఒక ఎత్తు వేశాడు. టీమును మైదానంలో నిలబెట్టి ఒక్కొక్కరికీ ఫొటో తీయించి, చిన్న చిన్న కార్డులు అచ్చువేయించి, పేకెట్టుకి ఒకటి చొప్పున టీ పొడిలో పెట్టాడు. పదకొండు మందినీ కూడబెట్టి తెచ్చినవాళ్ళకి స్టీలు కేరియరు ఇస్తానన్నాడు. ఇంటింటా స్టీలు ఇంకా రాని కాలం కాబట్టి కాలనీ ఆడవాళ్ళకి ఆ కేరియరు మీద కన్ను, పిల్లలకి కార్డుల మీద కన్ను. మా అమ్మకి మాత్రం కొడుకు ఫొటో మీదే.

ఫొటో తీసిన రోజు అన్నయ్య షెడ్డు నుంచి తిన్నగా మైదానానికి పరిగెత్తాడు. ఆ సంగతి తెలిసి అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "మొకం కడుక్కోకుండా ఫొటోకి ఎల్లిపోతావేట్రా, చెవెనకాల మసి సూడు ఎలాగుందో, ఊరందరూ సూత్తారు గదా" అని అతని చెవి పట్టుకుని మా అందరికీ చూపించింది. అన్నయ్య నవ్వాడు. చెవి కూడా ఫొటోలో పడుతుందా అన్నాడు.

సేఠ్ కొట్టు గోడకి పదకొండు మంది పేర్లూ రాసిన పెద్ద కాగితం అంటించారు. దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మిగతా ఎనిమిది మందికీ పేరు, దాని వెనక ఇంటిపేరు, ముందు శ్రీ, అన్నీ మర్యాదగా ఉన్నాయి. మన తెలుగువాళ్ళు ముగ్గురికీ వచ్చేసరికి బడా రావ్, ఛోటా రావ్, రావ్. అంతే. పొడుగ్గా ఉన్న బ్యాక్ బడా రావ్, పొట్టిగా ఉన్న బ్యాక్ ఛోటా రావ్, ఇక మిగిలిన గోలీ ఉత్త రావ్. ఇది మా ఊళ్ళో మామూలే అనుకోండి, తెలుగువాడు కనిపిస్తే చాలు వాడు రావ్ జీ. నాన్నా రావ్, అన్నయ్యా రావ్, స్కూల్లో నేనూ రావ్. మా ఇంటిపేరులో గానీ మా ముగ్గురి పేర్లలో గానీ రావు అన్న మాట ఎక్కడా లేదు. వెళ్ళి చెప్పమని నేను గోల చేస్తే నాన్న, "ఏటోలేరా, జీతం కాయితంలో సరిగ్గానే ఉంది గదా, సాల్లే" అన్నాడు. అదే మన జబ్బు. జీతం కాగితంలో సరిగ్గా ఉంటే చాలు, ఊరు నోట్లో ఎలా ఉన్నా పరవాలేదు.

ఆ ఏడాదంతా మా ఇంట్లో వేరే టీ కాగలేదు. రంగు తప్ప రుచి లేని ఆ పొడిని అమ్మ ఓపిగ్గా డబ్బాలోకి వంచి, ఖాళీ పేకెట్టుని బోర్లించి వెనక తట్టేది. కార్డు జారి కాగితం మీద పడేది. ప్రతిసారీ ఎవరో ఒక ఫార్వర్డ్, లేకపోతే మెలితిప్పిన మీసాలతో సెంటర్ హాఫ్. "మళ్ళీ ఈ మీసాలోడే వచ్చీసినాడే" అని అమ్మ ఆ పాపం ఎరగని మనిషిని తిట్టిపోసేది. మా ఇంట్లో మీసాలాయనలు దొంతరగా పోగయ్యారు. అందరి ఇళ్ళలోనూ పది రకాలు వచ్చాయి, గోలీ మాత్రం ఎవరికీ రాలేదు. రాకపోయేసరికి కాలనీ జనం కోపం సేఠ్ మీదికి పోకుండా మా మీదికి వచ్చింది. ఉన్న గోలీలన్నీ వాళ్ళింట్లోనే దాచేసుకుంటున్నారని కొళాయి దగ్గర అమ్మ మొహం మీదే అన్నారు. అప్పటిదాకా అన్నయ్యని చప్పట్లతో ఎత్తుకున్న పిల్లలు, అతను గోల్‌పోస్టు దగ్గర నిలబడితే 'రావ్ నహీ నికల్తా' అని అరవడం మొదలుపెట్టారు. రాని రావ్ అని ఎగతాళి.

ఒకరోజు అన్నయ్య నన్ను సైకిలు మీద ఎక్కించుకుని సేఠ్ దగ్గరికి వెళ్ళాడు. అమ్మ కోసం నా కార్డు ఒక్కటి ఇప్పించండి అని ఎంతో వినయంగా అడిగాడు. నీకిస్తే ఊరందరికీ ఇవ్వాలి, అదృష్టం ఉంటే పేకెట్లో అదే వస్తుంది అన్నాడు సేఠ్. అని, ఖాళీ చేతులతో పంపకూడదన్నట్టు తన కొట్టు పేరున్న ఒక కేలండరు చుట్టి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని కళ్ళకద్దుకుని తెచ్చాడు. దాని మీద లక్ష్మీదేవి బొమ్మ ఉంది కాబట్టి అమ్మ పారేయలేక గోడకి తగిలించింది. ఆ ఏడాది పొడుగునా ఆ సేఠ్ పేరు మా వంటింట్లోనే ఉంది, మా అన్నయ్య పేరు వాడి కొట్టు గోడ మీద లేదు.

అసలు సంగతి కొన్నేళ్ళకి గానీ తెలియలేదు. ఆ కార్డులు అచ్చువేసిన ప్రెస్సులో పనిచేసిన మా పక్క క్వార్టర్ బాబాయి ఒకసారి నాన్నతో చెప్పాడు. మిగతా పదీ బండ్లకొద్దీ కొట్టి, గోలీని మాత్రం పిడికెడు వేసి ఆపేయమన్నాడట సేఠ్. ఒకటి రాకపోతేనే కదా కేరియరు ఇవ్వక్కర్లేదు, జనం ఇంకో పేకెట్టు కొంటారు. ఎవర్ని ఆపాలి అని ప్రెస్సువాడు అడిగితే, ఆ రావ్‌ని ఆపు, వాడికి ఎవరున్నారు అన్నాడట. ఈ మాట విన్నప్పుడు నాకు పట్టిన కోపం ఇన్నేళ్ళూ ఒక మెట్టు కూడా దిగలేదు. వాడికి ఎవరున్నారా? మేమున్నాం. మా అమ్మ ఉంది, ఆ రంగునీళ్ళు తాగుతూ.

అన్నయ్య యాభై నిండకుండానే పోయాడు. పెళ్ళి ఫొటోలో బాసికం అడ్డం, పైగా తల వంచుకున్నాడు. డ్యూటీ కార్డు మీది ఫొటో ఆఫీసువాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. నిటారుగా నిలబడి సూటిగా చూస్తున్న అన్నయ్య ఈ లోకంలో ఆ కార్డు మీద తప్ప ఎక్కడా లేడు, ఆ కార్డుని మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు. అమ్మ చూడకుండానే వెళ్ళిపోయింది.

తోర్వా మేళాలో మూడో బల్ల దగ్గర అది కనిపించింది. చెప్పుల పెట్టెలో కాదు, అద్దాల పెట్టెలో, ప్లాస్టిక్ తొడుగులో. మెడ మీద తువ్వాలు, గుండెల మీద కట్టుకున్న చేతులు, చెవి వెనక నల్లటి మరక. అమ్మ అన్నట్టే మసి ఫొటోలో పడింది. కింద హిందీలో 'రావ్, గోల్‌కీపర్' అని ఉంది. రెండు చేతులా బల్ల పట్టుకుని అద్దం మీదికి వంగిపోయాను. నేను నేర్చుకున్న ఆ మొహం పెట్టడం అంతా ఎక్కడికి పోయిందో.

అమ్మేవాడు మా అబ్బాయి వయసువాడు. నా వాలకం చూసి బేరం తగిలిందనుకుని ఉత్సాహంగా కథ ఎత్తుకున్నాడు. ఈ కార్డు ఎందుకు దొరకదో తెలుసా అంకుల్, ఈ రావ్ అనేవాడు ఫైనల్లో లంచం తిని గోల్ వదిలేశాడు, ఆ కోపంతో కంపెనీవాళ్ళు వాడి కార్డులన్నీ తగలబెట్టేశారు, అందుకే దీనికింత విలువ అన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు తలలూపారు. అంటే ఈ కథ అన్ని ఊళ్ళలోనూ తిరుగుతోందన్నమాట. పేరు లేనివాడి మీద ఎంత బురదైనా చల్లొచ్చు, ఈయన మా తాత అని అడ్డు రావడానికి ఎవరికీ వీలుండదు.

ఆ ఫైనల్ మేం గెలిచాం అని చెప్పాను. ఈయన మా అన్నయ్య, ఈయన పేరు రావ్ కాదు, తొడుగు మీద నువ్వు అంటించే ధర చీటీలో అసలు పేరు రాయి అన్నాను. వాడు నవ్వి, "అంకుల్, నామ్ మే క్యా రఖా హై, కహానీ బిక్తీ హై" అన్నాడు. పేరులో ఏముంది, కథే అమ్ముడుపోతుందట. పైగా పేరు తెలియని కార్డుకే ధర ఎక్కువట. అచ్ఛా, ఒకసారి తొడుగులోంచి తీసి చూపించు, కొంటాను అన్నాను. తీసి చేతికిచ్చాడు. నలభై ఏళ్ళు రైల్వే గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నా చొక్కా జేబులో పెన్ను లేని రోజు లేదు. కార్డు బోర్లించి, అన్నయ్య ఇంటిపేరు, పేరు, లోకో షెడ్డు ఖలాసీ అని తెలుగులో నొక్కి రాసేశాను. సర్వనాశనం చేశావని వాడు అరిచిన అరుపుకి హాలంతా మా చుట్టూ చేరింది. మా మనవరాలు సిగ్గుతో నా మోచెయ్యి లాగుతోంది. నేను కూడా అరిచాను, ఇన్నేళ్ళది ఒక్కసారే అరిచాను, హిందీలో మొదలుపెట్టి తెలుగులో పూర్తిచేశాను. వాడు అడిగినంతా బల్ల మీద పడేసి, అన్నయ్యని జేబులో పెట్టుకుని బయటికొచ్చాను.

ఇంటికి వచ్చాక మనవరాలు నా పక్కన కూర్చుని కార్డుని చాలాసేపు చూసింది. చెవి వెనక మరక గురించి చెబితే కళ్ళు చెమర్చాయి పిల్లకి. తర్వాత వెనక్కి తిప్పి, "తాతా, యహా క్యా లిఖా హై, చదివి చెప్పు నా" అంది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంతా చేసి నేను రాసిన పేరు నా ఇంట్లోనే చదివే దిక్కు లేదు. మళ్ళీ కోపమొచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు. దాని వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా పెట్టించి అదేమిటో చెప్పాను. నా వెనకే కూడబలుక్కుంటూ చదివింది, పొ, ట్నూ, రు, అ, ప్ప, ల, స్వా, మి. పొట్నూరు అప్పలస్వామి. ఆ పేరు మా ఇంట్లో ఎవరైనా గట్టిగా అని ఎన్నేళ్ళయిందో.

మనవరాలు ఆ పేరు ఇంకోసారి పలికి నా వైపు చూసింది. ఇందులో రావ్ ఎక్కడుంది తాతా, మరి నేనెందుకు రావ్ అని అడిగింది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటిపేరు అడిగితే మా అబ్బాయి, ఊరంతా అంటున్నదే కదా అని, రావ్ అని రాయించాడు. దాని మార్కుల కాగితాల్లో, దాని ఆధార్‌లో, దాని కాలేజీ కార్డు మీద అంతా రావే. మా నాన్నకి జీతం కాగితంలో అయినా సరిగ్గా ఉండేది.

ఆవిరి ఇంజన్లు పోయాయి, ఆ షెడ్డు పోయింది, సేఠ్ కొట్టున్న చోట మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు, కొళాయి దగ్గర మా అమ్మని అన్నవాళ్ళలో ఒక్కరూ లేరు. ఇన్ని పోయాయి కదా, ఆ రెండక్షరాలు కూడా వాటితో పాటు పోతే ఏం పోయేది అనుకుంటూ అక్కడే కూర్చున్నాను. ఇంతలో గేటు దగ్గర పాలవాడు రావ్ జీ అని కేకేశాడు. నేనూ, మనవరాలూ ఒకేసారి పలికాం.