బీపీ తగ్గింది, మనసు కుంగింది

ఆ రోజు మూడో తరగతి పిల్లలు ఏడో ఎక్కం చెబుతున్నారు. ముందు వరసలోని ఒక పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయి, "టీచరమ్మా, ఏడుస్తన్నావా?" అని అడిగింది. చెంప తడుముకున్నాను. తడిగా ఉంది. ఏడుపు వచ్చిన సంగతి నాకే తెలియలేదు. ముక్కు దిబ్బడ వేసి వారం దాటింది కాబట్టి జలుబు అనుకున్నాను. పిల్లలకూ అదే చెప్పాను.

నా పేరు సుగుణ. పెద్దారవీడులో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. ఇది జరిగేనాటికి మా ప్రాంతం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నాకు ముప్ఫై ఆరేళ్ళు. మా ఆయన యోహాను వడ్రంగి పని చేస్తాడు. మాకు ఐదేళ్ళ పాప. భర్త పోయిన మా ఆడబిడ్డ రూతమ్మ వదిన మాతోనే ఉంటుంది.

దీనికి రెండు నెలల ముందు విపరీతమైన తలనొప్పి వచ్చి, మార్కాపురంలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "నూట తొంభై బై నూట పది. ఈ వయసుకు ఇంత బీపీ ఏందమ్మా?" అన్నాడు. రిసర్పిన్ అనే మాత్ర రోజుకు రెండు పూటలా వేసుకోమన్నాడు. "ఇది మన సర్పగంధ వేరులోంచి తీసిన మందే. భయపడాల్సిందేం లేదు" అని ధైర్యం చెప్పాడు. పది రోజుల్లో తలనొప్పి పోయింది. ఆ డాక్టరు చేతిచలవ అని ఊళ్ళో అందరికీ చెప్పాను.

ఎక్కాల రోజు తర్వాత ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. కళ్ళు తెరవగానే గుండెల మీద ఏదో బరువు. ఇవాళ ఏదో జరగబోతోంది. ఏమిటది? తెలియదు. పాపకు జ్వరం వస్తుందేమో, మా ఆయన బాడిసెతో కాలు నరుక్కుంటాడేమో, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడేమో. ఒక భయం పోతే ఇంకోటి దాని చోట్లోకి వచ్చి కూచునేది. స్నానం చేయాలంటే కొండ ఎక్కినంత పని. జడ వేయమని పాప దువ్వెన తెస్తే, దాన్ని చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు పాప నా దగ్గరికి రావడం మానేసి, వదిన కొంగు వెనక నిలబడి చూసేది.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. ఎవరో గాలి సోకిందన్నారు. మా పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ఆయన మంచివారే. కానీ "విశ్వాసం సన్నగిల్లితే ఇట్లాంటి దిగులు వస్తుందమ్మా" అన్నప్పుడు, తప్పంతా నాదేనని నాకు రుజువైపోయింది. దేవుడు కూడా నన్ను వదిలేశాడని ఆ వారమంతా అనుకుంటూనే ఉన్నాను.

మా ఆయన నన్ను మళ్ళీ మార్కాపురం తీసుకుపోయాడు. డాక్టరు బీపీ చూసి సంతోషపడ్డాడు. "నూట ముప్ఫై బై ఎనభై ఆరు! మందు బ్రహ్మాండంగా పని చేస్తోంది."

"బీపీ బాగుంది గానీ సార్, మనిషి బాగలేదు" అన్నాడు మా ఆయన. "అన్నం తినదు. పలకదు. ఊరకే భయపడతాది."

డాక్టరు నా కళ్ళు, నాలుక చూశాడు. "నరాల బలహీనత. ఈ మందు నరాలను నిమ్మళపరుస్తుంది కూడా. మోతాదు పెంచుదాం" అని రెండు మాత్రలను నాలుగు చేశాడు. మేము దండం పెట్టి వచ్చేశాం.

ఆ తర్వాతి మూడు వారాల గురించి ఎక్కువ రాయలేను. ఒకటి మాత్రం రాయాలి. ఒక ఉదయం బావిలో నీళ్ళు చేదుతున్నాను. చేద పైకి వచ్చింది. నేను మాత్రం ఇంకా కిందికే చూస్తున్నాను. ఎంతసేపు చూశానో తెలియదు. పక్కనున్నావిడ "చేద వచ్చింది గదా టీచరమ్మా, ఇంకా ఏం చూస్తావు?" అంటే ఉలిక్కిపడ్డాను. బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. మా ఆయన వసారాలో తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు.

"ఏమయ్యా, నన్ను ఒక్కదాన్నే వదలొద్దు. బావి కాడికి అసలే పంపొద్దు" అన్నాను.

ఎందుకని అడగలేదు. చిత్రిక పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి "అక్కా, రేపు గుంటూరు పెద్దాసుపత్రికి పోతన్నాం. పాపను చూసుకో" అని లోపలికి కేకేశాడు.

నాకున్న భయాలన్నీ ఒకెత్తు, గుంటూరు భయం ఒకెత్తు. పిచ్చాసుపత్రిలో వేసి తాళం పెడతారనుకున్నాను. రైలులో దారి పొడుగునా "నన్ను అక్కడ వదిలేసి రావు గదా?" అని అడుగుతూనే ఉన్నాను. అడిగిన ప్రతిసారీ "వదలను" అన్నాడు. విసుక్కోలేదు.

అక్కడ మానసిక జబ్బుల డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు. చాలా ప్రశ్నలు అడిగాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగానే అడిగాడు. అవునన్నాను. ఆ మాట బయటికి వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. తర్వాత ఆయన "వేరే జబ్బుకేమైనా మందులు వాడుతున్నారా?" అన్నాడు. మా ఆయన సంచిలోంచి మాత్రల సీసా తీసిచ్చాడు. డాక్టరు దాని మీది పేరు చదివి, కలం కింద పెట్టాడు.

"ఇది ఎప్పటినుంచి?"

"నాలుగు నెలలయింది సార్. మూడు వారాల కింద డబల్ చేసినారు" అన్నాడు మా ఆయన.

"దిగులు ఎప్పుడు మొదలైంది?"

మా ఆయన వేళ్ళు లెక్కపెట్టి, నా వైపు చూశాడు. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకే దిగులు మొదలైందని లెక్క తేలింది.

"ఇది డిప్రెషన్ అమ్మా. మీ విశ్వాసానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు డాక్టరు. తర్వాత ఓపికగా చెప్పుకొచ్చాడు. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు అందించాలంటే కొన్ని రసాయనాలు కావాలట. సెరటోనిన్ అందులో ఒకటి. అది చిన్న చిన్న సంచుల్లో నిలవ ఉంటుందట. "రిసర్పిన్ ఆ సంచులను ఖాళీ చేస్తుంది. రక్తనాళాలను బిగించే నరాల్లో కూడా ఇట్లాగే కొన్ని రసాయనాలు ఖాళీ అవుతాయి. అందుకే బీపీ తగ్గింది. కానీ మెదడును వదిలిపెట్టి ఒంటి మీదే పని చెయ్యమంటే మందు వినదు కదా."

"ఈ మాత్ర ఏసుకున్నోళ్ళందరికీ ఇట్లనే అవుతాదా సార్?" అన్నాడు మా ఆయన.

"కాదు. చాలామందికి ఏమీ కాదు. ఎవరికి అవుతుందో ముందుగా చెప్పలేం. సెరటోనిన్ ఒక్కటే కారణమని కూడా గట్టిగా అనలేను. మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం."

తెలియనిది తెలియదని చెప్పిన డాక్టరును నేను అప్పుడే చూశాను.

నన్ను వార్డులో చేర్చారు. తలుపులకు తాళాల్లేవు. మా ఆయన నా మంచం పక్కనే నేల మీద చాప వేసుకున్నాడు. రిసర్పిన్ ఆపి, బీపీకి ఒంట్లోని నీరు తీసే మాత్ర ఇచ్చి, ఉప్పు బాగా తగ్గించమన్నారు. పాత మందు ఒంట్లోంచి పోవాలని పన్నెండు రోజులు ఆగి, దిగులు తగ్గించే ఇమిప్రమీన్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఇది సంచులను నింపదట. కణాల మధ్యకు వచ్చిన రసాయనాన్ని వెంటనే వెనక్కి పోనీయకుండా కాసేపు నిలబెడుతుందట.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయనను దగ్గరికి పిలిచాడు. "రెండు మూడు వారాల దాకా గుణం తెలియదు. ముందు కాళ్ళూ చేతులకు సత్తువ వస్తుంది. మనసు తేరుకునేది ఆ తర్వాత. ఆ మధ్య రోజులే జాగ్రత్త. ఒంటరిగా వదలకండి."

వదిన నన్ను అంగుళం కదలనివ్వలేదు. పెరట్లోకి పోయినా వెనకే. కానీ ఆమె కళ్ళు కప్పి నేనొక పని చేశాను. కొత్త మాత్రకు నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. ఒక మాత్ర నన్ను ఖాళీ చేసింది, ఇంకో మాత్ర ఏం చేస్తుందో అని భయం. నాలుక కింద దాచి, తర్వాత దిండు గలీబులోకి నెట్టేదాన్ని. ఆరు రోజులు అట్లా చేశాను. ఏడో రోజు వదిన గలీబు ఉతకబోతే మాత్రలు రాలాయి.

తిడుతుందనుకున్నాను. ఆమె వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుని నా ముందు కూర్చుంది.

"ఎందుకు పారేసినావు?"

"భయం వదినా."

"నాకూ భయమే. తింటే ఏమైతాదో అని నీకు భయం. తినకుంటే ఏమైతావో అని నాకు భయం. యోహాను మళ్ళా గుంటూరు పోయి అడిగి వస్తాడు. నిజం చెప్పి రమ్మందాం."

అట్లాగే చేశారు. మోతాదు తగ్గించి, మెల్లగా పెంచుతూ పొమ్మన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి నేను మాత్ర మింగి నోరు తెరిచి చూపించేదాన్ని. సిగ్గనిపించేది, అయినా చూపించేదాన్ని.

అప్పటినుంచి నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం గోంగూర పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఒళ్ళు మండింది. "ఇదేం పప్పు వదినా, ఉప్పూ లేదు కారమూ లేదు! నీళ్ళలో పప్పు వేసి దించినావా?" అన్నాను.

వదిన గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ తర్వాత వసారాలోకి పరుగెత్తింది. "ఒరే యోహానూ, తిట్టిందిరా! ఉప్పు లేదని నన్ను తిట్టింది!" అని నవ్వుతూ ఏడ్చింది. డాక్టరు చెప్పినట్టు ఉప్పు తగ్గించి వండినందుకు ఆమెకు దక్కిన మెచ్చుకోలు అది. నాలోకి ముందుగా తిరిగి వచ్చింది కోపం. మిగతావన్నీ దాని వెనక మెల్లగా వచ్చాయి. నిద్ర, ఆకలి, పాప తల దువ్వాలన్న కోరిక.

వేసవి సెలవుల తర్వాత స్కూల్లో చేరాను. డాక్టరు చెప్పినన్నాళ్ళూ ఇమిప్రమీన్ వాడి, ఆయన చెప్పినట్టే కొంచెం కొంచెంగా తగ్గించి, చివరికి ఆపాను. మార్కాపురం డాక్టరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన నా పాత చీటీ తీసుకుని, తాను రాసిన మోతాదు మళ్ళీ చదివాడు. తర్వాత "నేను బీపీని అడిగాను గానీ నిన్ను అడగలేదమ్మా" అన్నాడు. అప్పుడు ఆయన మీద ఉన్న కోపం చాలావరకు పోయింది. అంతా పోయిందంటే అబద్ధం.

ఇది జరిగి ఆరేళ్ళు. మా ప్రాంతం కొత్త జిల్లాలోకి పోయింది, పాప ఆరో తరగతి చదువుతోంది. బీపీకి ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాను. భయం పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా తెల్లవారుజామున మెలకువ వచ్చి గుండె బరువనిపిస్తే, ఊపిరి బిగబట్టి ఇది అదేనా అని చూసుకుంటాను. ఇంతవరకు అది కాదు. అయినా ఆ సంగతి పొద్దున వదినకు చెబుతాను. దాచుకోను.

మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ఇంట్లో ఎవరికైనా కొత్త మందు మొదలుపెడితే, దాని పేరూ మొదలుపెట్టిన తేదీ ఒక కాగితం మీద రాయండి. ఆ తర్వాత మనిషిలో మార్పు కనబడితే, ఒంట్లో గానీ మనసులో గానీ, అది కనబడిన రోజు కూడా కిందే రాయండి. మందు మీకు మీరుగా ఆపకండి, ఆ కాగితం తీసుకుపోయి డాక్టరు ముందు పెట్టండి. ఆయన అడగకపోయినా పెట్టండి.