తన గొంతుతోనే మాట్లాడిన స్టెల్లా కరుణ

మంగళవారం ఉదయం తెనాలిలో మా నాటక బృందం రిహార్సల్ గది తాళం తీసి, కుర్చీలు గోడకు జరిపి, రేపల్లె నుంచి రైల్లో రావలసిన స్టెల్లా కరుణ కోసం ఎదురుచూస్తున్నాను. ఆమె రాలేదు. ఆమె తమ్ముడు పాల్ నుంచి ఫోన్ వచ్చింది. "మాస్టారూ, అక్క పొద్దున్నే పోయిందండి" అన్నాడు. నేను "అయితే రైలెక్కలేదా?" అని అడిగాను. అంత అసంబద్ధమైన మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ఆమెకు మూత్రపిండాల జబ్బు ముదిరిందని మా బృందంలో అందరికీ తెలుసు. అయినా, నలభై అయిదేళ్లు నిండని మనిషి, మొన్న శనివారం నా ఎదుట నిలబడి రెండు అంకాల సంభాషణలను ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పిన మనిషి ఇక లేదన్న నిజాన్ని మనస్సు అంగీకరించలేదు. డెబ్బై దాటిన నేను ఆమెను గురించి ఈ నాలుగు మాటలు రాయవలసి రావడం కంటే విపరీతం మరొకటి లేదు.

కరుణ స్వగ్రామం చెరుకుపల్లి. తండ్రి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆదివారాల్లో లూథరన్ చర్చిలో గాయక బృందాన్ని నడిపేవారు. ఆ బృందంలో అందరికంటే పొట్టిపిల్ల, అందరికంటే పెద్ద గొంతు ఈమెదే. పదిహేనేళ్ల వయసులో బాపట్లలో జరిగిన పాటల పోటీలో ఆమె పాడగా విన్న ఒక క్యాసెట్ కంపెనీ మనిషి మరునాడే చెరుకుపల్లి వెళ్లి ఇంటి తలుపు తట్టాడు. ఆ మరుసటి ఏడు ఆమె మొదటి ఆల్బమ్ వెలువడింది. అందులో కాలవగట్టు మీద సైకిలు తొక్కే ఒక అల్లరిపిల్ల పాట ఉంది. దాన్ని జనం 'సైకిలు పాట' అన్నారు. తెనాలి, రేపల్లె మధ్య తిరిగే ప్రైవేటు బస్సుల్లో, బాపట్ల టీకొట్లలో, పెళ్లి ఊరేగింపుల్లో ఆ పాట వినపడని రోజు ఉండేది కాదు. క్యాసెట్ అట్ట మీద వెండిరంగు జాకెట్ తొడుక్కుని, జీన్స్ ప్యాంటుతో నడుం మీద చేయి పెట్టుకుని ఉన్న ఆ పదహారేళ్ల పిల్లను చూసి సంఘ పెద్దలు కొందరు కినుక వహించారు. ప్రభువు స్తుతికి వాడిన గొంతుతో ఈ పాటలేమిటని తండ్రిని నిలదీశారు.

"దాని గొంతు దేవుడిచ్చాడండి. ఆదివారం ఒక్కరోజే వాడుకోమని చెప్పి ఇవ్వలేదు" అన్నారట ఆయన.

నేను అప్పట్లో కళాశాలలో తెలుగు చెబుతుండేవాణ్ని. నా విద్యార్థులకు పద్యాల కంటే ఆ పాటే బాగా వచ్చు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి, "నీ పాటలు నేను పెద్దగా వినలేదమ్మా" అని ఆమెతోనే అన్నాను. "మీరు వినకపోతే ఏంటి మాస్టారూ, మీ పిల్లలు విన్నారుగా!" అని పకపకా నవ్వింది. ఆ పాటలను ఆమె ఏనాడూ చిన్నచూపు చూడలేదు. తన కౌమారాన్ని తలుచుకుని సిగ్గుపడే కళాకారులను చూశాను. ఆమె వారి కోవకు చెందదు.

మూడు ఆల్బమ్‌లు వచ్చాక క్యాసెట్ల గిరాకీ పడిపోయింది. పాట పాడే పిల్ల ముఖం టీవీ వాళ్లకు నచ్చి, పంతొమ్మిదో ఏట ఒక ధారావాహికలో నాయిక చెల్లెలి వేషం ఇచ్చారు. మొదటి భాగం ప్రసారమైన సాయంత్రం చెరుకుపల్లిలో ఇరుగుపొరుగంతా వాళ్లింట్లోనే కూర్చున్నారు. తెర మీద కరుణ పెదవులు కదిలాయి. మాట మాత్రం ఎవరిదో. హైదరాబాదులో మరొక అమ్మాయి చేత ఆ సంభాషణలు చెప్పించారు. అందరూ ముచ్చటపడి చూస్తుంటే తండ్రి మాత్రం చివరిదాకా ఓపిక పట్టి, "అమ్మాయ్, నువ్వెప్పుడు మాట్లాడతావు?" అని అడిగారు. ఆ ప్రశ్న తనను నిలువునా కోసిందని కరుణ నాతో చెప్పింది.

ఆ ధారావాహిక ముగిసేలోగానే ఆమెకు మరొకదానిలో నాయిక పాత్ర వచ్చింది. ఈసారి తానే మాట్లాడతానని ఆమె దర్శకుణ్ని అడిగింది. ఆయన మంచిగానే చెప్పాడట.

"చూడమ్మా, నువ్వు పాడితే బాగుంటుంది. మాట్లాడితే మీ ఊరు వినపడుతోంది."

"మా ఊరు వినపడితే తప్పేంటండి? నేను వేసేది కూడా పల్లెటూరి పిల్ల వేషమేగా?"

"టీవీలో పల్లెటూరు వేరమ్మా."

"అయితే నాకొద్దులెండి" అని లేచి వచ్చేసింది. ఇరవై ఏళ్ల ఆడపిల్ల, చేతికి అందిన నాయిక పాత్రను ఆ ఒక్క మాట కోసం వదులుకుని ఇంటికి వచ్చింది. రేపల్లెలో ఒక బడిలో సంగీతం టీచరుగా చేరింది. సైకిలు పాటకు చిందులేసిన జనమే దారిలో ఆమెను చూసి, "ఏంటి, స్టారమ్మ తిరిగొచ్చేసిందా?" అని ఎకసెక్కాలాడారు. ఏళ్లపాటు ఆ మాటలు పడింది. తన నిర్ణయాన్ని తప్పుపట్టుకున్న మాట మాత్రం ఆమె నోట నేను ఒక్కసారీ వినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా గది గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, నాకు పాటలున్న వేషం వద్దండి, మాటలున్న వేషం కావాలి" అంది. నా దగ్గర ఉన్న వేషం ఒక్కటే: కనిపించకుండా పోయిన కొడుకు కోసం రోజూ పోలీసు స్టేషను మెట్ల మీద వచ్చి కూర్చునే ముసలితల్లి కొమరమ్మ. ఇరవై ఏడేళ్ల పిల్లకు డెబ్బై ఏళ్ల పాత్ర. నేను సందేహిస్తుంటే ఆమె కాగితాలు అందుకుని వెళ్లిపోయింది. ఆ వేసవి సెలవుల్లో కొల్లిపర వైపు కూలి ఆడవాళ్లతో కలిసి పసుపు కొమ్ములు ఏరింది. సద్దిమూటలు విప్పుకుని వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నది. తర్వాతి కాలంలో తన దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆమె చెప్పిన పాఠం కూడా అదే: "గొంతు మార్చటం నటన కాదమ్మా. ముందు ఎదుటి మనిషిని పూర్తిగా వినండి. గొంతు దానంతటదే వస్తది."

తొలి ప్రదర్శన బాపట్లలో. నెరిసిన విగ్గుతో, వంగిన నడుముతో ఆమె వేదిక మీదకు రాగానే వెనుక వరసల్లోని కుర్రాళ్లు ఎలాగో పోల్చుకున్నారు. "స్టెల్లా! సైకిలు పాట!" అని ఈలలు మొదలుపెట్టారు. ఎస్సై వేషంలో ఉన్న నటుడు మాట మరిచిపోయి నిలబడిపోయాడు. తెర దించమని సైగ చేయబోతున్నాను. ఆమె మెట్ల మీద నుంచి నెమ్మదిగా లేచి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, ప్రేక్షకులకేసి చూసింది.

"పాట కావాలా నాయనా? పాడతా. ముందు మా పిల్లోడు ఏడున్నాడో చెప్పండయ్యా. మీలో ఎవురన్నా చూశారా?"

ఆ మాట నేను రాసింది కాదు. ఈలలు ఆగిపోయాయి. మరో గంట సేపు ఒక్కరూ కదలలేదు.

నాటకం అయ్యాక ఆమె వేషం తీయకుండానే మళ్లీ తెర ముందుకు వచ్చింది. "మాటిచ్చానుగా" అని, వాద్యం లేకుండా, కొమరమ్మ గొంతుతోనే ఆ సైకిలు పాటను నిదానంగా పాడింది. ఊరంతా చిందులేసిన ఆ అల్లరిపాట, ఒక ముసలామె తన యవ్వనాన్ని తలుచుకుంటున్నట్టు వినపడింది. ఈలలు వేసిన కుర్రాళ్లలో ఒకడు ముందుకు వచ్చి ఆమె పాదాలు తాకాడు. జీవితంలో ఎందరో మహానటుల ప్రదర్శనలు చూశాను. ఒక కళాకారిణి తన రెండు జన్మలను ఒక్క కంఠంలో కలిపి నిలబెట్టిన దృశ్యాన్ని నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ నాటకాన్ని చూసిన ఒక యువ దర్శకుడు కొన్నేళ్ల తర్వాత సినిమా తీస్తూ ఆమెను తల్లి పాత్రకు పిలిచాడు. "మీ గొంతే కావాలండి, మీ ఊరి మాటే కావాలి" అన్నాడట. ఆ సినిమాకు ఆమె తండ్రిని రేపల్లె థియేటరుకు ఆటోలో తీసుకెళ్లింది. అప్పటికి ఆయనకు చూపు బాగా మందగించింది. బొమ్మ కనిపించకపోయినా మొదటి మాటకే పక్కన కూతురి చేయి పట్టుకుని, "ఇదిగో, ఇప్పుడు మాట్లాడావు" అన్నారు. ఆ తర్వాత చాలా సినిమాల్లో చిన్నవీ పెద్దవీ వేషాలు వేసింది. ఒక్కదానిలోనూ అరువు గొంతు పెట్టనివ్వలేదు.

వ్యాధి వచ్చాక గుంటూరులో డయాలసిస్ చేయించుకునే రోజులు తప్పించి మిగిలిన రోజుల్లో రిహార్సల్స్ పెట్టమని మాత్రం అడిగింది. "మానేద్దామా అమ్మా?" అని నేను ఒకసారి అంటే, "మంచం మీద కూచుంటే నేను రోగినండి. ఇక్కడికొస్తే కొమరమ్మని. ఏది బాగుందో మీరే చెప్పండి" అంది.

చెరుకుపల్లిలో అంత్యక్రియలకు రెండు రకాల జనం వచ్చారు. ఒక పక్క స్టెల్లా పాటలు విని పెరిగి, ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులైన వాళ్లు. మరొక పక్క కరుణమ్మ నాటకాలు చూసిన పల్లెల వాళ్లు. కొల్లిపర నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి, "ఈ పాటల పిల్ల, మాతో పసుపు ఏరిన అమ్మాయి ఒకటేనా బాబూ?" అని అడిగింది. "ఒకటేనమ్మా" అన్నాను. ఆ జవాబు చెప్పేటప్పుడు దుఃఖం మధ్యలోనే నా గుండె గర్వంతో ఉప్పొంగింది.

వచ్చే నెల బాపట్లలో కొమరమ్మ నాటకం మళ్లీ వేయవలసి ఉంది. నిర్వాహకులు ఫోన్ చేసి, "ఇంకా టైముంది కదా మాస్టారూ, వేరే ఆవిడతో వేయించండి" అన్నారు. కుదరదని చెప్పాను. ఆ సంభాషణలు రాసింది నేనే. ఎవరికిచ్చినా కంఠస్థం చేస్తారు. కానీ ఇన్నేళ్లుగా ఆ తల్లి ఎలా మాట్లాడుతుందో నాకు నేర్పింది కరుణ. ఇప్పుడు రాతప్రతి తీసి చదువుకుంటే ప్రతి వాక్యమూ ఆమె పలికినట్టే వినపడుతోంది, మరెవరి నోటా ఊహకు రావడం లేదు. ప్రదర్శన రద్దు చేశాను. పుట్టిన నేల మాటను తల ఎత్తుకుని పలికిన ఆ మహనీయ కంఠానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.