ఊడిన తీగ, వచ్చిన జవాబు

ధర్మవరంలో ప్రార్థనకు వెళ్లిన ఇంట్లో నీలం నెట్‌వర్క్ తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది! నా ఈడువాళ్లారా, మీ ఇంట్లోనూ ఉండేది కదూ ఆ తీగ?

అప్పట్లో పెనుకొండలో మాకు రెండు పాత కంప్యూటర్లు, రెండింట్లోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్. వాటిని అలాంటి తీగతోనే కలపాలని నా తంటా. “సాయంత్రానికి రెండూ మాట్లాడుకోకపోతే ఒకటి ఎనక్కిచ్చేస్తా” అన్నాడు నాయన. మోకరించి ప్రార్థించి, పక్కదాన్ని పలకరించే పింగ్ కమాండ్ కొట్టాను. వరసగా జవాబులు! “స్తోత్రం!” అని అరిచాను.

నాయన తీగ కొస ఎత్తి చూపించాడు.

“ఏమప్పా, ఇది ఊడి ఈడ పడుండాది. జవాబు యాడనుంచి వస్తాండాది?”

తెర మీద అడ్రసు మళ్లీ చదివాను. నేను కొట్టింది నా కంప్యూటర్ సొంత అడ్రసే! తనను తానే పిలిచి, తానే పలికింది. యేసు చెప్పిన కథలో, దేవాలయంలో తనతో తానే ప్రార్థించుకున్న పరిసయ్యుణ్ణి నేనే!

నాయన అన్నట్టే రెండో కంప్యూటర్ వెనక్కి వెళ్లిపోయింది. ఈనాటికీ “దేవుడు నాతో మాట్లాడాడు” అని చెప్పబోయే ముందు, ఆ తీగ కొస ఎక్కడుందో చూసుకుంటాను.