కిసానో కోసిన ఉరుయి మొలకలు

కిసానో వంటకి మా యామగతా కొండపల్లెలో తిరుగులేదు. మంచు కరగగానే నేలలోంచి లేచే ఉరుయి మొలకల్ని ఉడికించి, పుల్లటి మిసో సోయా ముద్ద కలిపి పెట్టిందంటే గిన్నె అడుగు కనబడేదాకా ఎవరూ తలెత్తేవాళ్లు కాదు. కాస్త పొగిడితే చాలు, కొడవలి పట్టుకుని మళ్లీ పెరట్లోకి పరిగెత్తేది. పొగడ్త చేదనేవాళ్లు ఎవరూ ఉండరు గాని, ఈవిడది మరీ చోద్యం.

ఆమె మొగుడు తోరకిచికి మాత్రం ఆ మొక్క పూస్తే చూడాలని కోరిక. దేవదారుల చిక్కటి నీడలో పూలు సరిగా రావని, దుబ్బులు పెకలించి తెచ్చి, పొద్దుటెండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడేలా ప్లమ్ చెట్టు పక్కన నాటాడు. ఏటా మొలకలు లేచేవి, ఏటా కిసానో కోసేది. మొదట్లోనే కోసేస్తే మళ్లీ ఆకులైతే వచ్చేవి గాని పూత వచ్చేది కాదు.

ఒక వసంతంలో డాక్టరు ఆయన కళ్లు చూసి నీటికాసులన్నాడు. చూపు నిలవదన్నాడు.

"ఈ ఒక్క ఏడూ వదిలెయ్యవే. కళ్లున్నప్పుడే చూసుకుంటా."

"పూలు కూరకొస్తాయా, పులుసుకొస్తాయా? సరేలే, ముట్టుకోను. ఒట్టు."

అంతలో ఆడపడుచు చుట్టాల్ని వెంటేసుకుని దిగింది. "వదినా, నీ చేతి ఉరుయి కోసమే ఇంత దూరం వచ్చాం!" అంది. కిసానో ఒట్టు తీసి గట్టున పెట్టింది. భోజనాల దగ్గర తోరకిచి ఒక్క ముక్క నోట్లో వేసుకుని "బాగుంది" అన్నాడు. నాలుగు తిట్టినా ఆమెకి అంత బాధ ఉండేది కాదు.

మరుసటి ఏడు కొడవలి అటకెక్కింది. మొలకలు అడిగినవాళ్లని కసిరికొట్టింది, పక్కింటిదాన్నని కూడా చూడకుండా నన్నూ కసిరింది. వేసవిలో కాడలు నడుమెత్తు లేచి నిండా పూశాయి. అప్పటికి ఆయనకి వెలుగూ చీకటీ ఒకటే అయిపోయాయి. పోనీ వాసనైనా చూద్దామంటే ఉరుయి పువ్వుకి అదీ లేదు.

కిసానో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక కాడ అందించింది. ఆయన ఒక్కో పువ్వునీ వేళ్లతో తడిమాడు.

"ఏం రంగే?"

"లేత వంకాయ రంగు. కాదు... ఇంకా లేత."

"లోపల గీతలుంటాయంటారు, ఉన్నాయా?"

ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె వంగి పువ్వు లోపలికి చూసింది. ఉన్నాయి, సన్నగా, ఎవరో ఓపిగ్గా గీసినట్టు. చెప్పబోయి, ముంజేత్తో కళ్లు ఒత్తుకుంది. కంచె ఇవతల నేను తల తిప్పేసుకున్నాను.

"ఉన్నాయా లేవా, చెప్పవే" అంటూ ఆయన అడుగుతూనే ఉన్నాడు.