మస్కట్ తుపాకి, తొక్కు ఉప్పు

నా చిన్నప్పుడు మెట్టుగూడలో మా ఇంటి నడవాలో, దేవుడి పటాలకు ఎదురుగోడ మీద ఒక తుపాకి వేలాడుతూ ఉండేది. దసరాకి దానికీ బొట్టు పెట్టి దండ వేసేవాళ్లు. చుట్టుపక్కల పిల్లలందరికీ మా ఇల్లంటే తుపాకి ఇల్లే. బడిలో లెక్కల దగ్గర నేను ఎంత తెల్లమొహం వేసినా ఈ ఒక్క విషయంలో మాత్రం నా ముందు ఎవరూ నిలవలేకపోయేవారు. మీ ఇంట్లో ఏముంది, గోడగడియారమేగా, మా ఇంట్లో మస్కట్ తుపాకి ఉంది అని మెడ ఎగరేసేదాన్ని. నా గర్వం ముందు మహారాణులు కూడా దిగదుడుపే అనుకోండి.

ఆ తుపాకి మా తాతయ్యది. పడుచుతనంలో ఆయన పని వెతుక్కుంటూ బొంబాయి పోయి, అక్కడ ఒక గుజరాతీ సేటు దగ్గర కుదిరి, ఆయన వెంటే ఓడెక్కి అరబ్బుల రేవు మస్కట్‌కి చేరాడు. సేటు గోదాములో సరుకు దించడం, ఎక్కించడం ఆయన చూసుకునేవాడు. సరుకంటే ఖర్జూరమో, బట్టలో అనుకునేరు. తుపాకులు! సీమ నుంచి, అంటే తెల్లవాళ్ల దేశం నుంచి, ఓడల్లో పొడుగాటి చెక్కపెట్టెల్లో దిగేవట. బజారులో బట్టల కొట్టు పక్కనే తుపాకుల కొట్టు, హల్వా కళాయి పక్కనే తూటాల పెట్టెలు. మన మోండా మార్కెట్టులో వంకాయలు ఏరుకున్నట్టు జనం తుపాకులు ఏరుకునేవారని తాతయ్య చెబుతుంటే మేము నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

కొనేవాళ్లలో ఎక్కువమంది సముద్రం అవతలి కొండల నుంచి వచ్చిన పఠాన్లు. సరుకు తెరచాప పడవల్లో అవతలి ఒడ్డుకి పోయేది, అక్కడి నుంచి ఒంటెల మీద హిందుస్తాన్ సరిహద్దు కొండల్లోకి. ఆ కొండల్లో తెల్లవాళ్లకీ పఠాన్లకీ పోరు. అసలు తమాషా ఏమిటంటే, ఆ తుపాకులు తయారుచేసి అమ్ముకునేదీ తెల్లవాళ్లే, అవి తమ మీదే పేలుతున్నాయని సముద్రంలో గన్‌బోట్లు, అంటే ఫిరంగి ఓడలు, పెట్టి పట్టుకునేదీ తెల్లవాళ్లే. ఈ మాట దగ్గరకి వచ్చినప్పుడల్లా తాతయ్య తొడ చరిచి నవ్వేవాడు.

ఆయన చెప్పే కథల్లో మాకు ప్రాణమైనది ఒకటుంది. తుపాకుల పడవ ఒడ్డు పక్కగా పోతూ ఉంటుంది. దూరంగా గన్‌బోటు పొగ కనిపిస్తుంది. పడవ పెద్దని అక్కడ నకుదా అంటారు. ఆ నకుదా తాపీగా గడ్డం దువ్వుకుంటూ కూర్చుంటాడు. సోల్జర్లు పడవ ఎక్కి ఖర్జూరం బస్తాల్లో బరిసెలు దించుతారు, చెక్కలు పీకుతారు, నీళ్ల పీపాలు బోర్లిస్తారు. ఒక్క తుపాకి కూడా దొరకదు. మూతులు ముడుచుకుని దిగిపోతారు. మరి తుపాకులు ఏమైనయ్ తాతా అని మేము మీద పడి అడిగితే, అది నకుదాకు ఎర్క, సముద్రానికి ఎర్క అని ముక్కుపొడుం పీల్చి లేచిపోయేవాడు. మాకు ఒళ్లు మండిపోయేది. చేపలు మింగి ఉంటాయని మా పెదనాన్న కొడుకు తీర్మానించాడు. వాడికి అంతకంటే తోచదు, వదిలేయండి.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం, ఇంట్లో మామిడికాయ తొక్కు పచ్చడి పెట్టే రోజులు. మా నాయనమ్మ కాయలు కొట్టించి, కారం దంచించి, గోనెసంచీలో రాళ్లుప్పు తెప్పించి పెట్టుకుంది. ఆ సోమవారమే మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీలో చేరాలి. ఆ ఉద్యోగం కోసం ఇల్లంతా ఎన్నాళ్లు ఎదురుచూసిందో! నాయనమ్మ మొక్కని దేవుడు లేడు. చిన్నాయన బంగారంలాంటి మనిషే గానీ కోపం ముక్కు మీదే ఉండేది. కోపమొస్తే ముందు చెయ్యి, ఆ తర్వాత నోరు, అన్నిటికంటే చివర బుర్ర పనిచేసేవి.

ముందురోజు సాయంత్రం తాతయ్య మోండా మార్కెట్టు నుంచి తలపాగా చేత్తో పట్టుకుని వచ్చాడు. గాలికి పడిందన్నాడు. ఆకు కూడా కదలని ఉక్కలో గాలి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. తెల్లారి పాలు పోసే ఆయన అసలు మాట చెప్పేశాడు. ఎవరో కాంట్రాక్టరు కొడుకు, తన కారుకి తొందరగా దారి ఇవ్వలేదని తాతయ్యను పదిమందిలో నెట్టి, కిందపడ్డ తలపాగాను కాలితో తన్నాడట. మావాళ్లలో తలపాగా పడితే తల పడినట్టే. చిన్నాయన చాయ్ గ్లాసు కింద పెట్టి సరాసరి నడవాలోకి పోయాడు. వాణ్ణి ఏం చేయబోతున్నాడో చెప్పనక్కర లేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది.

గోడ మీద తుపాకి లేదు. మేకు ఒక్కటే ఉంది.

చిన్నాయన గిర్రున తిరిగాడు. తాతయ్య పెరట్లో బావి పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు.

"ఏడ పెట్టినవ్ నాయినా?"

"ఇంట్లనే ఉన్నది. నేను అబద్ధం ఆడ. దొర్కితే తీస్కపో, నేను అడ్డం రాను. గని దొర్కేదాంక గడప దాటొద్దు. ఒప్పుకుంటవా?"

చిన్నాయన పళ్లు కొరుకుతూ ఒప్పుకున్నాడు. తండ్రికి మాటిచ్చి తప్పే మనిషి కాదు, ఆ సంగతి తాతయ్యకి బాగా తెలుసు. నాయనమ్మ మాత్రం గుండెలు బాదుకుంది. దొరికితే తీసుకుపొమ్మనడం ఏమిటి, కొడుకు జైలుకి పోతే ఉద్యోగం నువ్వు చేస్తావా అని తాతయ్యని కడిగేసింది. ఆయన ముక్కుపొడుం పీల్చుకున్నాడు.

పిల్లలం మాకు మాత్రం, అయ్యో, ఎంత సంబరమో! కథలోని గన్‌బోటు మా ఇంట్లోకే వచ్చేసింది. తుపాకి దొరికితే ఏమవుతుందో తెలుసు, నాకు భయంగానే ఉంది, అయినా కాళ్లు ఆగవే. చిన్నాయన అటక ఎక్కితే మేమూ ఎక్కాం. బియ్యం గుమ్మిలో చెయ్యి పెడితే మేమూ పెట్టాం. బొంతలు దులిపాం, పిడకల గూడు కూల్చాం, కట్టెలు ఒక్కొక్కటీ లాగాం. మొదట్లో ఆయన వస్తువులు విసిరికొట్టేవాడు, గిన్నెలు గోడలకి తగిలి మోగేవి. తుపాకి తప్ప అన్నీ దొరికాయి. నేను పోగొట్టుకుని దెబ్బలు తిన్న వెండి పట్టీ దొరికింది, నాయనమ్మ పనిమనిషి మీద అనుమానపడిన గరిటె దొరికింది.

అటక మీద పాత ట్రంకు అడుగున చిన్నాయన చిన్నప్పటి పతంగి చరఖా దొరికింది. మాంజా ఇంకా చుట్టే ఉంది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. వద్దన్నా వినకుండా దీంతో వేలు కోసుకుంటే మీ తాతే కట్టు కట్టిండు అని మాతో అన్నాడు. పొద్దున్నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మామూలు మాట అదొక్కటే. మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు గానీ, ఈసారి గిన్నెలు మోగలేదు.

ఈలోగా వంటింట్లో ఇంకో రభస. నాయనమ్మ ఉప్పు సంచీ మాయమైంది.

"నా ఉప్పెవడు మింగిండు? ముక్కలు కోసి పెట్టుకున్న, వీటిని ఇప్పుడు ఏం జెయ్యాలె?"

ఆవిడ ఉప్పు వెతుకుతూ మాకు ఎదురొస్తుంది, మేము తుపాకి వెతుకుతూ ఆవిడకి అడ్డం పోతాం. ఒకసారి చీకటి కొట్టులో తల్లీకొడుకులు తలకి తల కొట్టుకున్నారు. మేము పడీపడీ నవ్వాం. చిన్నాయన మూతి కూడా కాస్త వంకర పోయింది, నేను చూశాను. అన్నం ముట్టనని భీష్మించినవాడు మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కాక గొణుక్కుంటూనే పప్పన్నం తిన్నాడు. తిన్నాక బావి దగ్గరకి పోయి తండ్రి పక్కన కింద కూర్చున్నాడు. దెబ్బ ఏమన్నా తగిలిందా అని మెల్లగా అడిగాడు. పొద్దున్నుంచి అడగాల్సిన మాట అదే, కోపంలో మరిచిపోయాడు పాపం. మోచెయ్యి గీరుకుందని తాతయ్య చూపించాడు. మామిడిపండ్లు అమ్మే ఒకామె తలపాగా దులిపి ఇచ్చి, తాగడానికి మంచినీళ్లు కూడా ఇచ్చిందని చెప్పాడు. చిన్నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక వింత మాత్రం నేను కనిపెడుతూనే ఉన్నాను. ఆ రోజు బకెట్టు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఇంటికి కావలసిన వాడుక నీళ్లన్నీ తాతయ్యే తోడి పోశాడు. నాయనమ్మ మీద జాలిపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

ఎండ వాలింది. నేను బావి గట్టు పక్కన గచ్చకాయలు ఆడుకుంటున్నాను. లోపల బుడుక్ మని చప్పుడైంది. తొంగి చూస్తే నీళ్ల మీద ఒక రేకు డబ్బా, నూనెది, మూత బిగించి ఉంది, బాతులాగా ఊగుతోంది. దాని మెడకి తాడు. కింద ఖాళీ గోనెసంచీ వేలాడుతోంది. నేను పెట్టిన కేకకి ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది.

నాయనమ్మ ముందు తన సంచీని గుర్తుపట్టింది. "నా ఉప్పు!" అంది. ఆ మాటతో అందరికీ ఒక్కసారి వెలిగింది. తాతయ్య తెల్లవారకముందే తుపాకిని మైనపు గుడ్డలో చుట్టి, తాడు కట్టి బావి అడుగుకి దింపాడు. తాడు రెండో కొసకి ఖాళీ డబ్బా కట్టి, ఆ డబ్బాకి ఉప్పు సంచీ తగిలించి వదిలాడు. ఉప్పు బరువుకి డబ్బా మునిగిపోయింది. పొద్దంతా ఉప్పు కరిగింది. బరువు పోయింది, డబ్బా తేలింది. మస్కట్ నకుదాలు చేసిందీ ఇదేనట. గన్‌బోటు పొగ కనిపించగానే, లోతు తక్కువున్న చోట తుపాకుల్ని ఇలాగే సముద్రంలోకి జారవిడిచి, సోల్జర్లు వెతికి వెతికి పోయాక, ఉప్పు కరిగి పీపాలు తేలితే తాడు పట్టి లాక్కునేవారట. ఇన్నేళ్లుగా మమ్మల్ని ఊరించిన జవాబు మా బావిలోనే తేలింది! నేను ఎగిరి గంతేశాను. నాయనమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టింది, ఎందుకంటే చిన్నాయన అప్పటికే కొక్కెం వేసి తాడు పైకి తీశాడు.

తాడు ఆయన చేతిలో బిగుసుకుంది. అవతలి కొసన తుపాకి బరువు. తాతయ్య అన్నమాట ప్రకారం అడ్డం పోలేదు. పీట మీంచి కూడా లేవలేదు.

"మస్కట్ల నా చేతుల మీదికెళ్లి ఎన్ని తుపాకులు పోయినయో లెక్కలేదు బిడ్డా," అన్నాడు. "ఏది ఎవని పానం తీసిందో నాకు తెల్వది. అది తల్సుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టది. గీ ఒక్కటి ఏడికి పోతదో మాత్రం నాకు తెలుస్తది. ఇగ నీ ఇష్టం."

తొడ చరిచి నవ్వుతూ మస్కట్ కథలు చెప్పే మా తాతయ్య అలా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

చిన్నాయన తాడు వంక చూశాడు, తండ్రి మోచెయ్యి వంక చూశాడు. "మస్కట్ల సుత గిట్లనే తేలెటియా నాయినా?" అని అడిగాడు, అచ్చం పిల్లలం మేము అడిగినట్టే.

"గిట్లనే."

చిన్నాయన తాడుని బావి గిలక స్తంభానికి ముడి వేశాడు. "రేపు తీద్దాం," అని, మొహం కడుక్కోవడానికి పోయాడు. నాయనమ్మ అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లేచి, రేపటికల్లా నా ఉప్పు నాకు తెచ్చి ఇయ్యకపోతే ఇద్దరికీ తొక్కు లేదని తీర్పు చెప్పింది.

మర్నాడు తండ్రీకొడుకులు తుపాకి తీసి, తుడిచి, ఠాణాలో అప్పగించేశారు. అటు నుంచి అటే మోండా మార్కెట్టుకి ఉప్పు కోసం పోయారు. నేను ఏడ్చి వాళ్ల వెంట పడ్డాను. తాతయ్య అదే తలపాగా ఉతికించి కట్టుకున్నాడు. చిన్నాయన ఆయన పక్కన భుజం ఆనించి నడిచాడు. ఆ కాంట్రాక్టరు కొడుకు తన కారు దగ్గరే నిలబడి ఉన్నాడు. వీళ్లు ఇద్దరూ దారి మధ్యన నింపాదిగా నడిచిపోతుంటే తల తిప్పుకుని కారు అద్దం తుడుచుకున్నాడు. మామిడిపండ్లామె తాతయ్యని చూసి పలకరించి, నా చేతిలో ఒక రసం పండు పెట్టింది. సోమవారం చిన్నాయన డ్యూటీలో చేరాడు, అదే వర్క్‌షాప్‌లో తల నెరిసేదాకా పనిచేసి, మనవలని ఎత్తుకున్నాడు. మా గోడ మీద మేకు మాత్రం అలాగే ఉండిపోయింది. బడిలో గొప్పలు చెప్పుకోవడానికి నాకు తుపాకి లేకుండా పోయిందని కొన్నాళ్లు బెంగపడ్డాను. ఆ తర్వాత బావి కథ చెప్పడం మొదలుపెట్టాను, దానికే గిరాకీ ఎక్కువని తేలింది.

ఇప్పుడు కాప్రాలో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. నాకూ కోపం తక్కువేం కాదు, చిన్నాయన పోలికే. ఒళ్లు మండినప్పుడు గ్లాసుడు నీళ్లలో ఒక ఉప్పురాయి వేసి, అది కరిగేదాకా నోరు విప్పను. మా కోడలు నవ్వుతుంది. ప్యాకెట్టులో మెత్తటి ఉప్పు ఉంది కదా అత్తమ్మా, తొందరగా కరుగుతుంది అంటుంది. అది చిటికెలో కరుగుతుందమ్మా, మన కోపాలకి చాలదు అని చెప్పి, రాళ్లుప్పే తెప్పించుకుంటాను.

మొన్నీమధ్య మా మనవడు సాయంత్రం పూట ధడాలున తలుపు తోసుకుని వచ్చాడు. కింద పార్కింగు దగ్గర ఎవడో వాళ్ల నాన్నని అనరాని మాట అన్నాడట. ఆ అన్నవాడు బైకు మీద పోయాడు, వెంటపడి వాడి అంతు చూస్తానని మా మనవడు కారు తాళాల కోసం తలుపు పక్క మేకు వైపు చెయ్యి చాపాడు. మేకుకి తాళాలు లేవు. వాడి అరుపులు మెట్ల మీద వినపడగానే నేను చేయాల్సిన పని చేసేశాను.

"నానమ్మా, కీస్ ఏడ పెట్టినవ్?"

"ఇంట్లనే ఉన్నయ్ బిడ్డా. దొర్కితే తీస్కపో," అని, గ్లాసులో ఉప్పురాయి వేసుకుని కూర్చున్నాను.