నిద్రపోయే డబ్బాకు కరెంటు

“నానమ్మా, కంప్యూటర్ స్విచ్ ఎందుకు బంద్ చేసినవ్? అది నిద్రల ఉండె.”

“పండుకున్నదానికి కరెంటెందుకే?”

“ఎక్కడ ఆగిందో యాది పెట్టుకోనీకి. లేచినంక వైఫై వస్తదో రాదో చూడాలె, గదే నా పని. పొద్దటి సంది పెట్టిన పరీక్ష పోయింది.”

“దాని నిద్రకు మస్తు ఫికర్. నా నిద్ర ఎట్లుందో ఎన్నడన్న అడిగినవా?”

అమీర్‌పేటలో కోర్సు చేసిన నా మనవరాలు, కంప్యూటర్ భాగాలను నిద్రపుచ్చి లేపే ప్రోగ్రాములు రాస్తుంది. ఆ డబ్బాను గంటకోసారి తొంగి చూస్తుంది. స్విచ్ ఆపింది పొదుపు కోసమే అన్నాను గానీ, కడుపుమంట కూడా ఉంది.

మర్నాడు పొద్దున మెలకువ వచ్చినా కళ్లు మూసుకునే పడుకున్నాను. మనవరాలు మొదట డబ్బానే లేపింది. వైఫై వచ్చింది. తర్వాత నా భుజం తట్టి, “నిద్ర పట్టిందా?” అని అడిగింది. బాగానే పట్టింది గానీ, ఇంకో మాట అడుగుతుందని పట్టలేదన్నాను.